ఆదివారం కట్టుకున్న తెల్లచీర

మస్కట్‌ని నేను మొదటిసారి చూసింది నిద్రకళ్లతో. ఆసుపత్రిలో వరసగా నైట్ డ్యూటీలు చేసి, తోటి నర్సు సిస్టర్‌ని బతిమాలి, ఆదివారం సెలవు సంపాదించాను. తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, అజైబాలోని రూమ్ నుంచి ఊరి అవతల రువిలో ఉన్న చర్చికి బస్సెక్కాను.

నాకు కావలసింది ఒక్కటే. మా కోస్తా క్రైస్తవుల్లో కొత్త ఉద్యోగంలో చేరేముందు ఎవరో ఒకరు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేయాల్సిందే. వీసా హడావిడిలో నాకది జరగలేదు. ఫోన్లో చేయించుకోవచ్చు కదా అంటారు. తలమీద చెయ్యి ఫోన్లో ఎలా వస్తుంది? వచ్చిన దగ్గర్నుంచీ ఇంకో సిస్టర్ పక్కన ఉండి చేశాను, మర్నాటి నుంచి ఐసీయూలో ఒంటరి డ్యూటీ. పని రాక కాదు. ఆ ప్రార్థన లేకుండా లోపలికి వెళ్లడానికి మనసొప్పటం లేదు.

బస్సు కిటికీలోంచి ఊరు చూశాను. అన్నీ తెల్ల మేడలే, ఏదీ మరీ పొడుగు కాదు. వాటి వెనక గడ్డిపరక మొలవని కొండలు, మాడిన అట్టు రంగులో. ఊరంతా శుభ్రంగా కడిగి ఆరబెట్టినట్టుంది గానీ రోడ్డు మీద మనిషి నడవడు. వీళ్లు కార్లలోనే పుట్టి కార్లలోనే పెరుగుతారేమో అనుకున్నాను. బస్సు దిగితే ఎదురుగా చర్చి ఆవరణ కనిపిస్తూనే ఉంది, రోడ్డు దాటే దారి మాత్రం లేదు. వంతెన కోసం ఎండలో వెనక్కి నడిచాను. కుచ్చిళ్లు చెమటకి కాళ్లకు చుట్టుకున్నాయి. అందమైన ఊరే, కాదనను. చూసే ఓపిక నాకు లేదు.

ఆవరణలో హాళ్లు చాలా ఉన్నాయి. తెలుగు అక్షరాలున్న బోర్డు చూడగానే ప్రాణం లేచొచ్చింది. తలుపుకి తాళం. ముందే వచ్చేశానని సంబరపడి, అలవాటుగా చెప్పులు కింద విడిచి మెట్టు మీద కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కింది గానీ ఎవరూ రాలేదు.

అక్కడ నేలకి సిమెంటు ఇటుకలు పరుస్తున్న కంపెనీ కూలీ ఒకతను, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు తీసి నన్నూ నా చెప్పుల్నీ చూశాడు.

"తెలుగోళ్లా అక్కా? మీ ప్రార్థన ఇయ్యాల గాదు. శుక్రారమే అయిపోయింది. మేం డ్యూటీల ఉంటిమి, ఈ మెట్ల నిండ చెప్పులే."

ఇక్కడ సెలవు శుక్రవారమని నాకు తెలుసు. ఆరాధన కూడా శుక్రవారానికి మారుతుందని తట్టనే లేదు. మొన్న మలయాళీ సిస్టర్లు ముస్తాబై బయల్దేరుతుంటే, షికారుకి కాబోలనుకుని ముసుగుతన్ని పడుకున్నాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

అతను కంగారుపడి నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. తనది నిజామాబాద్ వైపని, హనుమంతుడికి మొక్కుతానని చెప్పాడు. నేను రేపటి డ్యూటీ సంగతి, జరగని ప్రార్థన సంగతి చెప్పేశాను. ముక్కూమొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పానంటే ఏం చెప్పను, ఎదురుగా తెలుగు విని నెల దాటింది.

అతను కాసేపు చేతుల సిమెంటు దులుపుకున్నాడు. "నాకు మీ ప్రార్థన రాదక్కా," అన్నాడు. "రేపు పైలంగ పో. నీ చేతుల మీద అందరు మంచిగయ్యి ఇంటికి పోవాలె."

తలమీదికి చెంగు ఎప్పుడు లాక్కున్నానో తెలియదు. కళ్లు మూసుకుని, "ఆమెన్" అన్నాను.