ఆగని మిషన్‌తో వచ్చిన చిక్కు

ఆ రోజుల్లో మా మదనపల్లెలో కంప్యూటర్ మూత విప్పడం వచ్చినవాడంటే సగం డాక్టరు కింద లెక్క. తొమ్మిదో తరగతిలో నాకూ బడికీ ఒకరి మీద ఒకరికి విసుగొచ్చి విడిపోయాక, బెంగళూరులో ఒక అంగట్లో కొన్నాళ్లు కంప్యూటర్లు బిగించి వచ్చాను. ఆ ధైర్యంతోనే మా చిన్నాయన తన టమాటా మండీలో నన్ను పెట్టుకున్నాడు. ఆయనకు పుంగనూరులోనూ, కుప్పంలోనూ కూడా కొనుగోలు కొట్లుండేవి. మూడు ఊళ్ల బిల్లులూ ఫోను లైను మీద వచ్చి మదనపల్లెలో ఒకే పెద్ద మిషన్‌లో పడాలని ఆయన కోరిక. దాన్నే సర్వర్ అంటారు. అది ఆగిందా, మూడు ఊళ్లలో కాయలు దించిన రైతులు బిల్లుల కోసం ఎండలో నిలబడిపోతారు.

సర్వర్‌కు గుండెకాయ ప్రాసెసర్. బెంగళూరులో రెండు రకాలు చూపించారు. ఒకటి రేయింబవళ్లు ఆగకుండా నడవడానికే చేసింది. రెండోది ఇళ్లలో పిల్లలు ఆటలాడుకునే కంప్యూటర్లకు పెట్టేది. వేగం అంతే, ధర సగం. ఎటూ తేలక నాకు చెమటలు పట్టాయి (అంగడివాడు జాలిపడి ఫ్యాను నా వైపు తిప్పాడు). చివరికి ఖరీదైనదే తెచ్చాను.

చిన్నాయన ధర విని కుర్చీలోంచి లేచాడు. "యాలప్పా ఇంత? ఎదురు మండీ బెల్లమప్ప సగం ధరదే పెట్టించినాడు, నడస్తానే ఉండాది గదా!" (మాట తీపి కాబట్టి ఆ వ్యాపారికి ఆ పేరు.)

"ఎండలు ముదిరితే ఆగిపోతాది సూడు చిన్నాయనా."

"ఆయప్పది ఆగితే నీ మాట నిజం. ఆగకుండా సీజన్ దాటిందా, నువ్వు రామసముద్రం బస్సెక్కు. మీ నాయన గొర్రెలు ఉండనే ఉండాయి."

నా మిషన్ ఆగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆగని మిషన్‌ను చూపించి ఏం నిరూపిస్తాం? రోజూ సాయంత్రం చిన్నాయన పిలిచేవాడు. "ఈ పొద్దు మనది ఆగిందా?" "లేదు." "ఎదురుది?" "అదీ లేదు." "మరి?" ఆ 'మరి' పడలేక టీ నెపంతో ఎదురు మండీకి పోయి, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు వాళ్ల పెట్టె మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ని. "మా మిషన్ మీద నీకెంత ప్రేమప్పా!" అని బెల్లమప్ప మురిసిపోయేవాడు. "సల్లగానే ఉండాదన్నా," అని దిగులుగా చెప్పి వచ్చేవాణ్ని.

సీజన్ ముగింపుకొచ్చిందనగా, లారీలు బారులు తీరిన ఒక మధ్యాహ్నం ఎదురుగా కేకలు. వాళ్ల మిషన్ ఆగింది. మళ్లీ వేశారు, మళ్లీ ఆగింది. నేను ఎగిరి గంతేసినంత పని చేసి, గుమ్మంలోకి వచ్చి చూశాను. ఒకామె పైట కొంగు చాపి తన టమాటాలకు నీడ కల్పిస్తోంది. నా సంతోషం అక్కడికక్కడే చచ్చింది. ఇంతలో బెల్లమప్ప తీపంతా ఆరిపోయి వచ్చాడు. "ఏమన్నా సెయ్యప్పా, నీకు దండం పెడతా." చిన్నాయన వైపు చూస్తే, కానీయమన్నట్టు తలూపాడు. వాళ్ల బిల్లులు కూడా మా మిషన్‌లోనే కొట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు భయం మా వైపు తిరిగింది. ఇంత బరువుకు ఇదీ ఆగితే? ఆనాడు నేను మొక్కని దేవుడు లేడు. చివరి లారీ కదిలేదాకా అది ఆగలేదు.

సాయంత్రం ఛాతీ విరుచుకుని చిన్నాయన ముందు నిలబడ్డాను.

"రెండు మండీల పని సేసింది గదా?" అన్నాడు.

"సేసింది చిన్నాయనా!"

"అంటే మన ఒక్క మండీకి సగం ధరది సరిపోయుండు గదప్పా?"

"అయితే బస్సెక్కమంటావా?"

"యాడికి పోతావు? రేపు ఆయప్ప బిల్లులు ఎవురు కొడతారు?"

ఇప్పుడు నాకు సొంత అంగడి ఉంది. ఏది తీసుకోమంటావని అడిగినవాళ్లకు ఖరీదైనదే చూపిస్తాను. కొన్నాళ్లకు వాళ్లు వచ్చి, అనవసరంగా ఇంత పెట్టించావని తిట్టిపోస్తారు. నేను నవ్వుతుంటే వాళ్లకు ఇంకా ఒళ్లు మండుతుంది. వాళ్లు అలా తిడుతున్నన్నాళ్లూ మిషన్ నడుస్తున్నట్టేనని ఆనాటి ఆ బెదురుగొడ్డు కుర్రవాడికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, పాపం.