నల్లోడు ఏడికి పోతడు?

నిన్న వానలో తడిసొచ్చిన మా కుక్క వాసన తగలగానే, ఎప్పుడో పోయిన తాత మీద నాకు మళ్లీ కోపమొచ్చింది.

నా చిన్నప్పుడు ముస్తాబాద్‌లో మా మేకల వెంట తిరిగే కుక్క నల్లోడు. ఒక వానాకాలం తాత బోయినపల్లి నుంచి సంచిలో కుక్కపిల్లను తెచ్చి, దాన్ని నల్లోడి మెడకు తాడుతో కట్టాడు. పిల్ల గుంజినప్పుడల్లా ముసలి నల్లోడు తూలిపోయేవాడు. నేను తాడు విప్పేదాన్ని. తాత మళ్లీ కట్టేవాడు.

"మనకు ఒక్క కుక్క చాలదా తాతా? గిది ఎందుకు?"

"నల్లోడు ఉన్నప్పుడే గిది వాని వెంట తిరిగి, పక్కకు పోయే మేకల మలుపుడు నేర్వాలె బిడ్డా."

"మరి నల్లోడు ఏడికి పోతడు?"

తాత చుట్ట ముట్టించుకున్నాడు. నల్లోడిని అమ్మేస్తున్నారనుకున్నాను. బేరగాడు ఇంట్లోకి రాకుండా కట్టె పట్టుకుని రోజూ వాకిట్లో కూర్చున్నాను. నల్లోడు నా వెనకాల, దొడ్లో చచ్చిపోయాడు.

నిన్న సాయంత్రం మా ఆయన, "మన కుక్క ముసల్దయింది, ఇంకోటి తెద్దామా?" అన్నాడు.

"మరి ఇది ఏడికి పోతది?" అని మా పాప అడిగింది. ఆయన టీవీ సౌండ్ పెంచాడు.

రిమోట్ గుంజుకుని టీవీ బంద్ చేశాను.

"చచ్చిపోతది బిడ్డా," అని చెప్పి, పాపను కుక్క పక్కన కూర్చోబెట్టాను.