రోబో ఉన్న రీలు

ఆ రోజుల్లో నేను వీడియో గేముల గురించి పత్రికలో రాసేదాన్ని. ఈ మాట చెబితే జనగామలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. డిగ్రీ అయిపోయి, బస్టాండు వెనక మా అన్న నడిపే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం, బంద్ లేని వారం ఉండేది కాదు. సగం దించిన షటర్ లోపల, గిరాకీ లేని కంప్యూటర్ ముందు కూర్చుని గేములు ఆడేదాన్ని. ఆడినదాని గురించి రాసి హైదరాబాదులోని ఒక వారపత్రికకు పంపితే ఒకటి రెండు అచ్చయ్యాయి. నా పేరు అచ్చులో చూసుకున్న రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

సంపాదకుడు మర్యాదస్తుడు. ఫోన్లో "అమ్మా" అనే పిలిచేవాడు. ఆయనతో నేను పుస్తకాల తెలుగు మాట్లాడేదాన్ని, ఫోను పెట్టేసరికి దవడలు నొప్పి పుట్టేవి. "మీ రాతలో విషయం ఉంది. కానీ అక్కడక్కడ యాస దొర్లుతోందమ్మా," అనేవాడు, అన్నంలో రాయి తగిలినట్టు. నేను ఆడిన ఒక గేమును విదేశాల్లో సైన్స్ ఫిక్షన్ సినిమాగా తీశారు. అది తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చింది. ఆటకూ సినిమాకూ తేడా ఏమిటో రాయమన్నాడు. శుభ్రంగా రాస్తే వారం వారం శీర్షిక నాకే ఇస్తానన్నాడు, లేదంటే నగరంలో ఇంకొకరున్నారట. నాకు ఆ శీర్షిక కావాలి. అంతకు ముందు దేన్నీ అంతగా కోరుకున్నట్టు గుర్తు లేదు.

సినిమా జనగామకు వచ్చిన వారం బంద్‌లతో హాళ్లు మూసే ఉన్నాయి. తెరిచేసరికి అది వెళ్లిపోయింది. భూపాలపల్లిలో ఆడుతున్న ప్రింటు తర్వాత తొర్రూరుకు వస్తుందని తెలిసి, బస్సెక్కి చిన్నమ్మ ఇంటికి పోయాను. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. జాకెట్లు కుడుతుంది, నోరు కత్తెర కంటే పదును. రోడ్డు మధ్య పొయ్యి పెట్టి, వండి, అక్కడే బంతిలో కూర్చుని తినే వంటావార్పు ఆనాటి నిరసన. ముందు వారం తొర్రూరు చౌరస్తాలో పులిహోర కలిపింది చిన్నమ్మే.

"ఆ గ్రహాల కాడనన్న మనకు తెలంగాణ ఇస్తరేమో చూస్త, పా," అని నాతో మాట్నీకి బయల్దేరింది.

సినిమాలో, భూమి మీద నీళ్లు ఇంకిపోయిన కాలం. కూలిన నగరం అడుగున ఎక్కడో నీళ్లున్నాయని హీరో వెతుక్కుంటూ పోతుంటాడు. వెంట ఒక తుప్పు పట్టిన రోబో. హీరో రేడియో వార్తల్లా చక్కటి తెలుగు మాట్లాడతాడు. రోబోకు మాత్రం మా యాస పెట్టారు. అది తలుపుకు గుద్దుకున్నప్పుడల్లా "ఏందిర బై" అంటుంది, మనం నవ్వాలి. అప్పటిదాకా అలాంటివాటికి మా హాళ్లలో మేమూ నవ్వినవాళ్లమే. ఆ రోజు మాత్రం ముందు వరసలోంచి ఎవరో "మనోడేరా!" అని అరిచారు. ఆ తర్వాత రోబో పడ్డప్పుడల్లా ఈలలు. నాకు నవ్వు రాలేదు, కడుపు మండింది. నేను ఆడిన ఆటలో ఆ రోబో జోకరు కాదు.

ఇంటర్వెల్ అయింది. మిర్చి బజ్జీలు కూడా అయిపోయాయి. లైట్లు మాత్రం ఆరలేదు. సినిమా రీళ్లు రెండు పెట్టెల్లో రావాలి. మొదటిది పొద్దుటి బస్సులో వచ్చింది, రెండోది తర్వాతి బస్సులో వేశారట. మేనేజరు వచ్చి తెర ముందు నిలబడ్డాడు.

"రెండో పెట్టె రాలే. రాయపర్తి కాడ రోడ్డు మీద వంటలు పెట్టిండ్రు, బస్సు ఆడ్నే ఉన్నది. తిన్నంక ఇడుస్తరు. జర ఓపిక పట్టుండ్రి."

ఇంకో రోజైతే కుర్చీలు విరిగేవి. "మనోళ్లే ఆపిరి, ఎవల్ని తిడుతం?" అని లేచినాయన మళ్లీ కూర్చున్నాడు. అప్పుడు చిన్నమ్మ లేచి నిలబడింది.

"మా బిడ్డకు ఈ కత అంత ఎరుకే. ఆట ఆడింది, పేపర్ల రాస్తది. చెప్పు బిడ్డా!"

భయపడుతూనే లేచాను. "అప్పుడు కథానాయకుడు..." అని మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి "అక్కా, వార్తలు సదువుతున్నవా?" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, ఆ నవ్వుతో భయం పోయింది.

"సరే గని, ఇనుండ్రి. గా రోబో ఉన్నది సూడు, అది ఎన్కట నీరటి."

చెరువు తూము తెరిచి, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసే మనిషిని మా దగ్గర నీరటి అంటారు. ఆటలో ఒకప్పుడు రోబో పని అదే. ఆ ఒక్క మాటతో అందరూ ముందుకు వంగారు.

"ఊరు కూలింది, మనుషులు పోయిండ్రు. నీరటికి మాత్రం పని ఇడిశిపెట్టుమని ఎవలూ చెప్పలే. గందుకే ఇంక తిరుగుతనే ఉన్నది. హీరోకు దారి తెల్వది, గీనికి తెలుసు. ఆఖరుకు ఇద్దరు తూము కాడికి పోయిండ్రు. తలుపు లేస్తది గని నిలబడది. ఒకలు లోపట ఉండి పట్టుకోవాలె. నీరటి పోయి భుజం పెట్టింది. 'నువ్వు పో బిడ్డా, పొలం తడిసేదాక నేను ఈడ్నే ఉంట' అన్నది. నీళ్లు దాని మోకాళ్లకొచ్చినయ్, నడుముకొచ్చినయ్, కండ్లకొచ్చినయ్..."

ఆగాను. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటలో ఆ రోబో అసలు మాట్లాడదు. ఆ మాటలు నా నోట్లోంచి ఎలా వచ్చాయో నాకే తెలియదు.

పెట్టె వచ్చింది. రెండో సగం మొదట్లోనే రోబో ఒక బాంబు మీద కూర్చుని "అవ్వో" అంటూ ఎగిరిపోయింది. హీరో ఆనకట్ట పేల్చాడు, నీళ్లొచ్చాయి, సినిమా అయిపోయింది. జనం లేవలేదు.

"నీరటి ఏడ పాయె?" అన్నారెవరో.

"రీలు కోసిండు!"

షో తొందరగా ముగించడానికి ఆ హాలు ఆపరేటరు ఒక రీలు ఎగ్గొడతాడని ఊరంతటికీ తెలుసు. ఎన్ని సినిమాల్లో ఎన్ని పాటలు మింగాడో. ఈసారి మాత్రం పాపం, ప్రొజెక్టరు గది కిటికీలోంచి చేతులు జోడించి, "నా పిల్లల మీద ఒట్టు, ఒచ్చిన రీళ్లన్ని ఎక్కించిన!" అన్నాడు. ఎవరు నమ్ముతారు? సినిమావాళ్లే కథ మార్చారని నేను చెప్పబోతే వినేవాళ్లు లేరు. "నీరటి రీలు ఎయ్యి!" అని ఒకటే గోల. లేని రీలు కోసం కొట్లాడుతున్న వాళ్లను చూస్తే నాకు సంతోషం ఆగలేదు.

అదంతా అలాగే రాశాను. నా కథనం పత్రిక తెలుగులోనే. రోబో మాటలు, హాలు మాటలు మాత్రం పలికినవి పలికినట్టు. కొన్నాళ్లకు సంపాదకుడు ఫోన్ చేశాడు. "చాలా బాగుందమ్మా. కాస్త శుభ్రం చేశాను. శీర్షిక మీదే." ఇంటర్నెట్ సెంటర్లో గంతులేశాను. పత్రిక రాగానే విప్పైనా చూడకుండా తొర్రూరు బస్సెక్కాను. మొదట చిన్నమ్మే వినాలి.

ఆమె మిషను ఆపి, "సదువు," అంది. అచ్చయినదాంట్లో ఆటకూ సినిమాకూ తేడాలున్నాయి. బొమ్మల నాణ్యత గురించి ఉంది. తొర్రూరు లేదు, రోడ్డు మీది వంటలు లేవు, హాల్లో గోల లేదు. తూము దగ్గర రోబో "మీరు వెళ్లండి, నేను ఇక్కడే ఉంటాను" అంది. అక్కడికి చదవడం ఆపేశాను.

చిన్నమ్మ దారం తెంపింది.

"గీయన గూడ రీలు కోసిండు, బిడ్డా."

అక్కడి నుంచే ఫోన్ చేశాను. "సార్, కోసిన రీలు పెడితేనే ఒచ్చే వారం రాస్త," అన్నాను. ఆయనతో నా మాటలో మాట్లాడటం అదే మొదటిసారి. దవడలు నొప్పి పుట్టలేదు. ఆయన "ఆలోచించుకోండమ్మా," అన్నాడు, మర్యాదగానే. "ఆలోచించుకునే చెప్తున్న సార్," అన్నాను.

ఫోను పెట్టాక శీర్షిక పోయిందని అర్థమైంది. ఏడ్చాను. ధైర్యంగా ఉన్నానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. చిన్నమ్మ ఓదార్చలేదు. వాకిట్లోకి పోయి, "రాండ్రి, మా బిడ్డ కత చెప్తది," అని ఇరుగుపొరుగు ఆడవాళ్లను కేకేసింది. వాళ్లు వచ్చి చాప మీద సర్దుకున్నాక నా ఎదురుగా కూర్చుంది.

"గాయన కోసిన కాడికెంచి షురూ చెయ్యి," అంది.

కండ్లు తుడుచుకుని, నీరటిని మళ్లీ తూము దగ్గర నిలబెట్టాను.