రేగొండ దారిలో డెన్మార్కు ఓడ

మా సలోమి తన ఊరి చర్చి గురించి ఎప్పుడూ చెబుతుండేది. లోపల కప్పు నుంచి ఓడ వేలాడుతుందంటే, సముద్రం లేని చోట ఓడేమిటని నేను ఏడిపించేవాణ్ని. మతం వేరైన నన్ను చేసుకుందని పుట్టింట్లో మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. ఆమె చనిపోయిన ఏడాదికి, తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజుల్లో, ఆ ఓడను నేనైనా చూసి, ఆ ఊళ్లో కబురు చెప్పి రావాలని బయల్దేరాను.

జనగామలో పొద్దున ఏడింటి ప్యాసింజరు ఎక్కాను. మహబూబాబాదు పోయే పెద్దాయన (ఆయన నోట అది మానుకోటే) జొన్నరొట్టెలో సగం నాకిచ్చాడు.

"ఒక్కనివే పోతున్నవా? బందులున్నయ్, మాపటికి బస్సు దొరుకుతదో లేదో" అన్నాడు.

వరంగల్లులో దిగి భూపాలపల్లి బస్సెక్కి, రేగొండ దాటాక దిగాను. అక్కడినుంచి పత్తిచేల మధ్య ఆటో. చర్చి దూరం నుంచే వింతగా కనిపించింది. గోడల కొసలు మెట్లుమెట్లుగా పైకి పోతాయి, కప్పు ఏటవాలుగా జారుతుంది. ఎప్పుడో డెన్మార్కు నుంచి వచ్చిన దొర, తన ఊళ్లో చర్చిని తలచుకుని అచ్చం అలాగే కట్టించాడట. ఆ వాలు వాళ్ల దేశంలో మంచు జారిపోవడానికి. చలిగాలి రాకుండా కిటికీలు చిన్నవి. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకే. ఇంత ఎండలో ఆ దొర ఒంటరిగా కూర్చుని ఇంటిని ఎంతగా తలచుకున్నాడో అనిపించింది.

ఓడ ఉంది. మూడు తెరచాప కొయ్యలతో, నా చెయ్యంత పొడవు. దాని కింద కట్టిన రంగురంగుల దారాలు. అవేమిటని ఊడుస్తున్న అవ్వను అడిగాను.

"సముద్రం మీదికి పోయినోళ్లు మళ్ల రావాలని దొర దేశంల ఓడ గిట్ల కడ్తరంట. మాకాడ సముద్రం యాడిది? బిడ్డను అత్తగారింటికి తోలినప్పుడు తల్లి దారం కడ్తది. తిరిగొచ్చినప్పుడు ఆ బిడ్డనే విప్పుతది."

సలోమి పేరు చెప్పి, ఆమె భర్తనన్నాను. అవ్వ చీపురు పక్కన పెట్టింది.

"గా నీలం దారం ఆమెదే. నాయిన వద్దన్నా వాళ్లమ్మ దొంగతనంగ కట్టింది. చచ్చేదాంక ఎదురుచూసింది. సలోమి ఎప్పుడొస్తది?"

సలోమికి ఆ దారం సంగతే తెలియదు.

"రాదు అవ్వా. పోయినేడు చనిపోయింది."

అవ్వ గోడకు ఆనించిన నిచ్చెన చూపించింది. "నువ్వు విప్పుతవా బిడ్డా?" అంది. నిచ్చెన ఎక్కాను. విప్పడానికి చెయ్యి రాలేదు, అలాగే దిగిపోయాను.

తిరుగు బస్సు రేగొండలో ఆగిపోయింది. ఉద్యమం వాళ్ల వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వచ్చినవాళ్లకల్లా వడ్డిస్తున్నారు. అంతమంది బంతిలో కూర్చున్నా నా పక్కన ఎవరూ లేనట్టే ఉంది.

"యాడికి పోయొస్తున్నవ్ అన్నా?" వడ్డించే అక్క అడిగింది.

"అత్తగారింటికి" అన్నాను. పెళ్లయ్యాక నేను ఆ మాట అనడం అదే మొదలు.

"మరి అల్లునికి కోడి కొయ్యలేదా, గీడ రోడ్డు మీద తింటున్నవ్?"

బంతిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాను.