వెనక్కి తిరిగి ఎక్కిన ఘాటీ

మా మామగారు పోయారన్న కబురు కొండ కింది కోట ఊరి నుంచి చింతపండు బండివాడు తెచ్చాడు. షావుకారు గారి కొట్టు ముందు లారీ దిగుతూ దిగుతూనే కూలిపోయారట. నేను చోళ్ళు చెరుగుతున్నాను. చేట చేతిలోనే ఉండిపోయింది.

మా ఇళ్ళల్లో కోడలు మామగారి ఎదట పడదు. పెళ్ళై ఈ అరకు వచ్చాక ఆయన గొంతు తలుపు చాటు నుంచి వినడమే. మొన్న వెళ్ళేటప్పుడు కూడా, మా పాప గురించి, "గుంట జాగర్తని కోడలికి సెప్పరా," అని మా ఆయనతో అన్నారు.

షావుకారు గారి చిన్న లారీ ఆయనే నడిపేవారు. డబ్బా పెట్రోలుకి ఎంతో దూరం పోతుందని అమ్మినవాడు గొప్పలు చెప్పాడట. "ఆడు సదును మీద సెప్పినాడు. కొండెక్కి సెప్పమను," అనేవారు మామగారు. ఎక్కుడులో బండి తాగే తాగుడుకి ఆయనకు నిద్ర పట్టేది కాదు. వెదురుపుల్ల ట్యాంకులో ముంచి తడి చూసేవారు. అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి మళ్ళీ ముంచేవారు.

"ఇందాకే సూసినావు కదా, ఈలోపు ఎవులు తాగేసినారేటి?" అని అత్తగారు దెప్పేది.

"నీకేటి! ఘాటీలో ఆగిపోతే నువ్వొచ్చి తోస్తావేటి?"

దిగుడులో ఇంజను ఆపేసి, బ్రేకు తొక్కిపట్టి, బండిని దొర్లించుకుంటూ తెచ్చేవారు. మీరూ నవ్వుకుంటారు. మేమూ నవ్వుకున్నాం.

నా తొలి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. "నా సేతిలో లేదు బాబూ, బేగి కోట ఆసుపత్రికి దింపేయండి," అంది కొండ మంత్రసాని. వానలకు పెట్రోలు డబ్బాలు పైకి రాలేదు. మామగారు పుల్ల ముంచారు. కొసనే కాస్త తడి. అయినా బండి తీశారు.

కోటకి దిగాలంటే ముందు లోయ అంచు ఎక్కాలి. ఆ ఎక్కుడులో బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంటుంది. బండి ముక్కు పైకెత్తితే అడుగునున్న పెట్రోలు ఇంజనుకి అందదు. మా ఆయన భోరుమన్నారు. మామగారు బండిని వెడల్పైన మలుపు దాకా కిందికి జార్చి, అక్కడ తిప్పి, వెనక గేరు వేశారు. ముక్కు కిందికుంటే ఆ కాస్త పెట్రోలూ ఇంజనుకి జారుతుంది. లారీ వెనక్కి వెనక్కి కొండెక్కడం మొదలుపెట్టింది.

నేను లారీ వెనక, మంత్రసాని ఒడిలో. దారి చూడాలంటే ఆయన మెడ తిప్పి నా మీదుగానే చూడాలి. ఒక పక్కంతా లోయ. "సరిపోద్దా తండ్రీ, ఈ కాస్తా సరిపోద్దా," అని గొణుగుతున్నారు. నాకు కళ్ళు మూతపడుతున్నాయి.

"అమ్మా! కళ్ళు ముయ్యకు. నన్ను సూడు. నన్నే సూడమ్మా, వచ్చేసినాం!"

ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆ మొహం నిండా భయమే. నా కోసం ఒక మనిషి అంత భయపడుతుంటే నాకు చావబుద్ధి కాలేదు. పైదాకా ఆ మొహమే చూస్తూ ఉన్నాను.

అక్కణ్ణుంచి దిగుడంతా ఇంజను ఆపేసి దొర్లించారు. ఆసుపత్రి ముందు పుల్ల ముంచితే పొడిగా వచ్చిందట. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరం బతికాం. ఇంటికి తిరిగొచ్చాక ఆయన మళ్ళీ గడప అవతలే నిలబడ్డారు. నేను మళ్ళీ తలుపు చాటుకి వెళ్ళిపోయాను.

పెద్దకర్మ కోటలోనే చేసి, అదే లారీలో పైకి వచ్చాం. కొత్త డ్రైవరు ట్యాంకు నిండా పోయించాడు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని నేను మునుపటి చోటే కూర్చున్నాను. బండి ముందుకే చూస్తూ కొండెక్కింది. దారి పొడుగునా నాకు డ్రైవరు వీపే కనిపించింది.