కనకమ్మ పాలు పోయని వారం

కొండాపూర్‌లో రెండు అపార్ట్‌మెంట్ల నడుమ ఇరుకు గల్లీలో నడిచి చివరికి పోతే కనకమ్మ బర్రెల కొట్టం వస్తుంది. పక్కనే ఎవరిదో ఖాళీ ప్లాటు. తెల్లారగట్ల బర్రెలను అందులోకి వదిలితే ఎదురుగా ఉన్న ఆఫీసు మేడ అద్దాల్లో వాటి రూపాలు తేలేవి. మంచు పట్టిన రోజుల్లో నేల కనపడక, బర్రెలు మబ్బుల్లో మేస్తున్నట్టే ఉండేది. కనకమ్మ చేతిలో బకెట్టుతో అట్లాగే నిలబడి చూసేది. పాలకు పొద్దుపోతోందని మొగుడు కిష్టయ్య కేకేస్తే గాని ఈ లోకంలోకి వచ్చేది కాదు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. ఐదు బర్రెలు, రెండు దుడ్డెలు. పాలు పితకడం కిష్టయ్య పని. దాణా కలపడం, ఇంటింటికీ తిరిగి పాలు పోయడం ఆమె పని. ఆమె ముక్కుకు ఆ చుట్టుపక్కల పెద్ద పేరుండేది. గుప్పెడు తవుడు ముక్కు దగ్గర పెట్టుకుని అది ఎన్నాళ్లదో చెప్పేది. గడ్డిమోపు లోపల తడిసి ఉంటే విప్పకముందే వెనక్కి పంపేది.

కరోనా జ్వరం వచ్చిన ఏడు ఆ ముక్కు పోయింది. జ్వరం పదిరోజుల్లో తగ్గింది కానీ వాసన మళ్లీ రాలేదు. ఒక పొద్దున లేచి చూస్తే పేడ లేదు, పాలు లేవు, పొయ్యి మీద చాయ్ లేదు. అన్నీ కళ్ల ముందే ఉన్నాయి, ఒక్కటీ ఆమె దాకా రావడం లేదు. నీళ్ల అడుగున కూర్చుని గట్టు మీది మనుషులను చూస్తున్నట్టుండేది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూనే మూడేళ్లు గడిచాయి. కిష్టయ్యకు కూడా చెప్పలేదు. దాణా కలిపేటప్పుడు అలవాటు కొద్దీ గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది, తల ఊపేది.

ఆ ఆషాఢంలో ముసురు పట్టింది. దాణాకని మూసాపేటలో కొన్న పల్లిచెక్క బస్తాలు కొట్టంలో గోడకు ఆనించి ఉన్నాయి. పక్క అపార్ట్‌మెంటు పైపు కారి ఆ గోడ చెమ్మగిల్లింది. అది ఎవరూ చూసుకోలేదు.

మొదట పాలు తగ్గాయి. వానలకేలే అనుకున్నారు. తర్వాత బర్రెలు దాణా సగం తిని గంప వదిలేయసాగాయి. వెంట్రుకలు గరుకెక్కాయి. ఒకరోజు చుక్క అనే సూడిబర్రె నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చిన దూడను సంచిలో చుట్టి కిష్టయ్య ఎత్తుకుపోతుంటే చుక్క గల్లీ మొదటి దాకా వెంట నడిచింది.

"దిష్టి తగిలిందే," అని కిష్టయ్య అన్నిటి మెడలకూ నల్లతాళ్లు కట్టాడు.

మూడోనాటికి రాజి పడుకున్నది లేవలేదు. రాజి అన్నిటికంటే పెద్దది, మంద మొత్తం దాని వెనకే నడిచేది. కనకమ్మ దాని కంటిరెప్ప ఎత్తి చూసింది. లోపల పసుపు రాసినట్టుంది. పశువుల దవాఖానకు ఫోన్ చేయించింది.

వచ్చిన డాక్టరు పేరు లీదియా. గుంటూరు వైపు పిల్ల, ముప్పై ఏళ్లు దాటి ఉండవు. రాజిని తడిమి చూసి సూది వేసింది. తర్వాత బర్రెల సంగతి వదిలేసి బస్తాల దగ్గరికి నడిచింది. అడుగు బస్తాలో చెయ్యి పెట్టి ఒక చెక్క ముక్క తీసి విరిచింది. లోపల ఆకుపచ్చ పొడి.

"ఇది ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారండీ?"

కిష్టయ్య ముక్క తీసుకుని వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "ఛీ! ఇంత ముక్కిన వాసనొస్తుంటే నీకు తెల్వలేదా కనకా? దాణా కలిపేది నువ్వే గద!"

కనకమ్మ గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయింది. "నాకు వాసన తెల్వదయ్యా," అంది. "జ్వరమొచ్చినప్పుడే పోయింది. ఇగ రాలేదు."

"మూడేండ్లాయె. నాకు చెప్పకపోతివా?"

"చెప్తే నన్ను దాణా కాడికి రానియ్యవని."

కిష్టయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

లీదియా వచ్చి ఆమె పక్కన ఆ తడినేల మీదే కూర్చుంది. "చూడండమ్మా. ఈ బూజు ఒక విషం వదులుతుంది. అది కాలేయాన్ని తింటుంది. పాలు తగ్గడం, ఈసుకుపోవడం, కళ్లు పచ్చబడటం, అన్నీ దానివల్లే అనిపిస్తోంది. బూజుకు వాసన ఉంటుంది, నిజమే. విషానికి మాత్రం ఉండదు. పైకి మంచిగా కనపడే చెక్కలో కూడా ఉంటుంది. నా ముక్కు బాగానే ఉంది, అయినా నేను చెప్పలేను. అందుకే ల్యాబ్‌కు పంపిస్తున్నా."

కనకమ్మ నెమ్మదిగా అడిగింది. "డాక్టరమ్మా, అది పాలల్లకు వస్తదా?"

లీదియా కళ్లు దించుకుంది. "వస్తుందమ్మా. మరిగించినా పోదు. చెక్క ఆపేస్తే వారంలోపు పాలు శుభ్రపడతాయి. అప్పటిదాకా పొయ్యకండి. దుడ్డెలకు కూడా ప్యాకెట్ పాలు పట్టండి."

ఆ సాయంత్రం కిష్టయ్య పిండిన పాలను కనకమ్మ ప్లాటు మూలన గుంటలో పారబోసింది. వాన నీళ్లలో తెల్లటి తీగలు సాగి, అద్దాల మేడ నీడ మీదుగా పాకి, మట్టిలోకి ఇంకిపోయాయి. ఆమె ఖాళీ క్యాను పట్టుకుని బయలుదేరింది.

"పాలు లేవని చెప్పు, సాలు," అన్నాడు కిష్టయ్య. "మిగతాది ఎందుకు? ఇగ ఎవ్వరూ రారు."

"నిన్నటిదాకా తాగిండ్రు గదయ్యా," అంది ఆమె.

పద్నాలుగు ఇళ్లు. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పింది. దాణాకు బూజు పట్టింది, నేను చూసుకోలేదు, ఫ్రిజ్జులో ఉన్నవి పారబోయండి అని. కొందరు సరేనన్నారు. ఒకాయన నవ్వి తలుపేసుకున్నాడు. చివర జయంతి ఇల్లు. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. రెండేళ్ల కూతురు రసజ్ఞ ఆ పాలతోనే పెరిగింది. కనకమ్మ చప్పుడు వింటే చాలు, గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. ఆ రోజూ వచ్చింది.

"ఎన్నాళ్ల నుంచండీ?" అంది జయంతి, పిల్లను చంకకెత్తుకుని.

"తెల్వదమ్మా. పదిహేను దినాలో, ఇంకా ఎక్కువనో. జర పిల్లను డాక్టరుకు చూపియ్యి."

జయంతి మొహం పాలిపోయింది. పిల్ల చేతిలోని గ్లాసు తీసేసుకుని తలుపు మూసింది. కనకమ్మకు మెట్లు దిగడం తెలుస్తూనే ఉంది గానీ కాళ్లు తనవి కానట్టు, ఎవరో వెనక నుంచి మెల్లగా దింపుతున్నట్టు ఉంది.

రాజి ఐదోరోజు మధ్యాహ్నం పోయింది. వాన వెలిసి, ఆఫీసు అద్దాల మీది ఎండ కొట్టంలోకి పడి, గోడలన్నీ బంగారు నీళ్లలా కదులుతున్నాయి. కనకమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని చెవులు నిమురుతూ ఉంది. చెవులు ఎప్పుడు చల్లబడ్డాయో ఆమెకు తెలియలేదు. కిష్టయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేసినప్పుడు, "జర ఉండు, పండుకుంది," అంది.

మిగిలినవి మెల్లగా కోలుకున్నాయి. ల్యాబ్‌లో విషం తేలిన చెక్కను గొయ్యి తీసి పూడ్చారు. కొత్త బస్తాలు గోడకు దూరంగా చెక్కబల్లల మీద ఉంటున్నాయి, వారానికి సరిపడా మాత్రమే తెస్తున్నారు. వాసన చూడటం కిష్టయ్య వంతు, విరిచి చూడటం కనకమ్మ వంతు. పాలు బాగున్నాయని ల్యాబ్ కాగితం వచ్చాక ఆమె మళ్లీ క్యాను ఎత్తుకుంది. పద్నాలుగు ఇళ్లలో తొమ్మిది తలుపులు తెరుచుకున్నాయి. జయంతిది తెరుచుకోలేదు. నెల తర్వాత ఆమే గల్లీలోకి వచ్చింది.

"పాపకు ఏమీ లేదన్నారండీ," అంది గడపలో నిలబడి. "ఆ రోజు మీ మీద చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, పాలవాళ్లలో తప్పు తనదని ఇంటికొచ్చి చెప్పింది మీరొక్కరే. రేపట్నుంచి అర లీటరు పొయ్యండి."

కార్తీకంలో లీదియా మూసాపేటలో పాలవాళ్ల మీటింగు పెట్టి కనకమ్మను మాట్లాడమంది. వద్దు వద్దంటూనే వెళ్లింది. నలభై మంది ముందు నిలబడి, రాజి కళ్లు ఎట్లా పచ్చబడ్డాయో చెప్పింది. వెనక వరసలో ఒకామె లేచి, "మా బర్రె గూడ గిట్లనే తింటలేదక్కా, ఇయ్యాలనే బస్తాలు విప్పి చూస్త," అంది.

తిరిగి వచ్చేటప్పుడు లీదియా ఆమెను మెట్రో ఎక్కించింది. కనకమ్మకు అదే మొదటిసారి. అమీర్‌పేటలో రైలు మారి కిటికీ పక్కన కూర్చున్నారు. ఇళ్ల కప్పులు, నీళ్ల ట్యాంకులు, ఆరేసిన చీరలు కాళ్ల కింద నుంచి మెత్తగా జారిపోతున్నాయి. చప్పుడే లేదు.

"డాక్టరమ్మా, మనం పోతున్నమా, అవి పోతున్నయా?"

లీదియా నవ్వింది. "మీకెట్లా అనిపిస్తే అట్లాగేనండి."

దిగాల్సిన హైటెక్ సిటీ వచ్చేసరికి కనకమ్మ ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. లీదియా లేపలేదు. చివరి స్టేషన్ దాకా పోయి, అదే రైల్లో వెనక్కి తెచ్చింది.