కొండదారిలో పదమూడు సంచులు

2024 అక్టోబరు. సైప్రస్ ద్వీపంలో త్రూదోస్ కొండల దక్షిణపు వాలు. మధ్యధరా సముద్రంలోని ఈ ద్వీపాన్ని ఇద్దరు అపొస్తలులు ఒక కొన నుంచి మరో కొనకు దాటుతూ సువార్త ప్రకటించారని లేఖనాలు చదివినవాళ్ళకు తెలుసు. హైదరాబాద్ నాచారంలోని మా చర్చి సంఘం నుంచి పన్నెండుమంది విశ్వాసులు ఆ నేల మీద అయిదు రోజులు నడవాలని వచ్చారు. వాళ్ళను తీసుకెళ్ళిన టూర్ మేనేజర్‌ని నేను.

పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా పని. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక్క గది ఆఫీసు. టూర్ మేనేజర్ అంటే గైడ్ అనుకుంటారు చాలామంది. దారి చూపించేది, చరిత్ర చెప్పేది ఆ ప్రాంతపు గైడ్. ఎంతమందిని తీసుకెళ్ళానో అంతమందినీ క్షేమంగా తిరిగి తీసుకురావడం నా పని. నడక టూరులో దీనికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి హెడ్ కౌంట్, అంటే ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టడం. రెండోది స్వీప్, అంటే అందరికన్నా వెనక నడిచే మనిషి. అందరూ స్వీప్‌కు ముందే ఉండాలి, వెనక ఎవరూ మిగలకూడదు. ఆ టూరులో స్వీప్ కూడా నేనే.

మావాళ్ళలో ఎక్కువమంది యాభై దాటినవాళ్ళు. మూడు నెలలపాటు పొద్దున్నే ఉప్పల్ స్కైవాక్ మెట్లు ఎక్కి దిగి కాళ్ళు గట్టిపరచుకున్నారు. "లిఫ్టు ఉండంగ మెట్లెందుకని సెక్యూరిటాయన రోజు అడుగుతుండు బ్రదర్" అని రత్నమ్మక్క నవ్వుతూ చెప్పేది. ఆమెది చిల్కానగర్. అరవై ఒక్క ఏళ్ళు, కుట్టుమిషన్ల సెంటర్ నడుపుతుంది. షుగర్ ఉంది. ఆ సంగతి మెడికల్ ఫారంలో నిజాయితీగా రాసింది. డాక్టరు చీటీ కూడా జతచేసింది.

గుంపుకు పెద్ద ప్రభుదాసు అంకుల్. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, మా సంఘంలో పెద్ద. రత్నమ్మక్కకూ ఆయనకూ జులై నుంచి మాటల్లేవు. సంఘ వార్షికోత్సవం రోజు ప్రేమవిందులో బగారన్నం తక్కువైంది. అప్పుడు ఆయన మైకులో, "వండెటోళ్ళు జర జనాన్ని సూసుకోని వండాలె" అన్నాడు. వంట రత్నమ్మక్కది. ఆరోజు నుంచి ఆమె ఆయనకు వందనాలు కూడా చెప్పడంలేదు. విమానంలో ఇద్దరికీ దూరంగా సీట్లు వేశాను, హోటల్లో వేర్వేరు అంతస్తుల్లో గదులు పెట్టాను. ఇలాంటివి చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

నా మొదటి తప్పు ప్రయాణ పట్టిక రాసినప్పుడే జరిగింది. అన్నిటికన్నా పొడుగు నడక, పన్నెండు కిలోమీటర్లది, శుక్రవారం పెట్టాను. ఆ దారి చివర కొండమీద ఒక పాత రాతి చర్చి ఉంది. లోపల గోడలనిండా ఏనాటివో చిత్రాలు. అక్కడ మావాళ్ళు ప్రభువు బల్ల, అంటే యేసు చివరి విందును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన, ఆచరించాలనుకున్నారు. రొట్టె అక్కడి ఊళ్ళోనే కొనొచ్చు. ప్రభుదాసు అంకుల్ భార్య ఇంట్లో కాసిన ద్రాక్షరసాన్ని మాత్రం మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి ఒక సీసాలో అప్పగించారు. అంకుల్ దాన్ని నాచారం నుంచి బట్టల్లో చుట్టి మోసుకొచ్చాడు. ఆ చర్చి తాళంచెవి ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర ఉంటుంది. శుక్రవారమైతే తాను ఇంటి దగ్గర ఉంటానని ఆయన కబురుపెట్టాడు. అందుకని శుక్రవారం.

శుక్రవారం మా సంఘంలో ఉపవాస ప్రార్థన. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా కూర్చుని, మధ్యాహ్నం రెండింటికి పులిహోరతో ముగిస్తాం. నేను పుట్టి పెరిగిన సంఘం అది. అయినా పట్టిక రాసేటప్పుడు నాకు తట్టలేదు. టూరులో ఎవరు ఉపవాసం ఉంటారులే అనుకున్నానేమో. అలా అనుకున్న నేనే ఆ శుక్రవారం ఉపవాసం ఉన్నాను, ఎవరికీ చెప్పకుండా. ఉపవాసం మనుషులకు కనబడేలా చెయ్యొద్దని, ముఖం కడుక్కుని తలకు నూనె రాసుకుని మామూలుగా ఉండమని సండే స్కూల్లో నేర్చుకున్నవాళ్ళం మేం. చెప్పడమే తప్పు అనుకుంటాం.

పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. దారి రాళ్ళు పేర్చిన గోడల మధ్య మెట్లమెట్లుగా ఎక్కుతుంది. పక్కన కోతలైపోయిన ద్రాక్షతోటలు, వాటి పైన ఆలివ్ చెట్లు. మొదటి ఊళ్ళో ఇళ్ళన్నీ పసుపుపచ్చ రాతివి. సందులు ఎంత ఇరుకంటే ఇద్దరు ఎదురైతే ఒకరు గుమ్మంలోకి తప్పుకోవాలి. ఒక ఇంటి ముందు బాదంపప్పులు దారానికి గుచ్చి, చిక్కటి ద్రాక్షరసంలో ముంచి, దండల్లా ఆరవేశారు. అమ్ముతారు కూడా. మా గైడ్ అంద్రియాస్ చూపించాడు. మావాళ్ళు చూశారు, ఫోటోలు తీశారు. ఒక్కరూ కొనలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన పన్నెండుమంది ఒక మిఠాయి రుచి చూడకుండా ముందుకు నడిచారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రెండో ఊళ్ళో పదకొండున్నరకు ఆగాం. హోటలువాళ్ళు కట్టిచ్చిన ప్యాక్డ్ లంచ్ అందరి సంచుల్లోనూ ఉంది. రొట్టె, జున్ను, ఒక ఆపిల్. "ఇక్కడే తినేయండి, ఇక పైన నీడ దొరకదు" అన్నాను. అందరూ తలూపారు. తలా ఒక దిక్కుకు పోయారు. ఒకరు బావి వెనక్కి, ఒకరు చర్చి మెట్ల వైపు, ఇద్దరు సందు చివరికి. ఆ ఊరినిండా పిల్లులు. నా రొట్టె నేను గోడ అవతల ఒక బూడిదరంగు పిల్లికి పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను. పావుగంటలో అందరూ మూతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చారు. హెడ్ కౌంట్ చేశాను. పన్నెండు.

అంద్రియాస్ తాళంచెవి కోసం ముందు వెళ్ళాడు. దారి ఒక్కటే కాబట్టి తప్పిపోయే భయం లేదు. నిటారుగా ఎక్కడం మొదలైంది. నాకు కొంచెం తల తిరుగుతున్నట్టుంది. ప్రభుదాసు అంకుల్ ఏదో అడిగితే జవాబు చెబుతూ ఆయన పక్కన నడిచాను. అంటే స్వీప్ తన చోటు వదిలేశాడు. ఒంటిగంట ప్రాంతంలో మలుపు దగ్గర మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండు.

వెనక్కి పరుగెత్తాను. రెండొందల అడుగుల కింద, రాతిగోడకు ఆనుకుని రత్నమ్మక్క కూర్చుని ఉంది. ముఖమంతా చెమట, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. వేళ్ళు వణుకుతున్నాయి.

"అక్కా, ఏమైంది?"

"బస్సు ఇంక రాలే తమ్ముడు" అంది. "ఎంతసేపాయె. చిల్కానగర్ బస్సు."

"షుగర్ మాత్ర వేసుకున్నారా?"

"ఏసుకున్న. ప్రయాణంల ఒక్క పూట గూడ మానొద్దన్నడు డాక్టరు."

"అన్నం? రొట్టె తిన్నారు కదా?"

ఆమె నన్ను తప్పుచేసిన పిల్లాడిని చూసినట్టు చూసింది. "ఇయ్యాల శుక్రారం గదా."

తర్వాత తెలిసింది, ఇంటి దగ్గర శుక్రవారం ఆమె ఆ పొద్దుటి మాత్ర మానేస్తుందట. ఉపవాసం సంగతి డాక్టరుకు ఎప్పుడూ చెప్పలేదు. మాత్ర వేసుకుని, తినకుండా, కొండ ఎక్కేసరికి షుగర్ పడిపోయింది. నా ఫస్ట్ ఎయిడ్ సంచిలో ఉండాల్సిన గ్లూకోజ్ పొడి ముందురోజు ఇంకొకరికి కలిపిచ్చాను. మళ్ళీ నింపుకోలేదు.

మిగతావాళ్ళు దిగి వచ్చారు. "ఎవరి దగ్గరైనా తినేది ఉంటే తీయండి, తొందరగా" అన్నాను. అందరూ సంచుల పట్టీలు సర్దుకున్నారు.

"ఆపిలైనా?"

చివరికి ఒకావిడ అంది, "నాది పిల్లులకు పెట్టిన అన్నా."

"నేను గా బెంచి మీది ముసలాయనకిచ్చిన."

"నాది గూడ పిల్లే తిన్నది."

రత్నమ్మక్కదితో కలిపి పదకొండు సంచులు తెరుచుకున్నాయి. అన్నిట్లోనూ నీళ్ళ సీసాలు, పాటల పుస్తకాలు. నేను కూడా నా సంచి తెరిచి చూపించాను. ప్రభుదాసు అంకుల్ నిర్ఘాంతపోయాడు. "నువ్వు గూడనా దానియేలూ? నువ్వు మేనేజరువు గదా!"

అందరి సంచులూ తెరిచి ఉన్నాయి, ఆయన సంచి తప్ప. దాన్ని రెండు చేతులతో పొట్టకు హత్తుకుని నిలబడ్డాడు. అందులో ఏముందో అందరికీ తెలుసు. ఆయనే అన్నాడు, "ఇది బల్లది. అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిండు."

"అంకుల్, ఆమెకు మాట తడబడుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే మింగలేదు. మింగలేని మనిషికి నోట్లో ఏదీ పోయకూడదు" అన్నాను. ఫస్ట్ ఎయిడ్ శిక్షణలో నేర్చుకున్నది అదే. లేఖనాల్లో ఒకచోట, దేవుని మందిరంలో యాజకులు మాత్రమే తినాల్సిన రొట్టెలను ఆకలితో ఉన్నవాళ్ళకు పెట్టిన సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఎన్నోసార్లు బోధించాడు. ఆ సంగతి నేను గుర్తుచేయలేదు. ఆయనే సీసా మూత తిప్పాడు. అలవాటు కొద్దీ, వెంట తెచ్చిన బల్ల గిన్నెలోనే పోశాడు.

అక్కడ చిక్కొచ్చింది. గిన్నె చూసి రత్నమ్మక్క పెదవులు బిగించింది.

"పట్టకు. నేను పుచ్చుకోను."

"ఎందుకక్కా?"

"అంకుల్‌తోని నాకు మాటల్లేవ్. మనసుల పెట్టుకోని బల్లల పాలు వడితె శిక్ష."

"ఇది బల్ల కాదక్కా. ఉత్త రసం."

"మరి గిన్నె ఏంది?"

షుగర్ పడిపోయినప్పుడు మనిషి మొండికేస్తాడు. అది కూడా శిక్షణలో చెబుతారు. కానీ ఆమె అన్నది మొండిమాట అని అక్కడ ఎవరూ అనుకోలేదు. మేమంతా నమ్మేది అదే.

ప్రభుదాసు అంకుల్ రాళ్ళమీద మోకాళ్ళు ఆనించాడు. "రత్నమ్మా, ఆనాడు అట్ల అనుడు నాదే తప్పు. మాఫ్ జెయ్యి."

ఆమె కళ్ళు సగం మూతపడుతున్నాయి. అయినా జవాబు వచ్చింది. "అన్నది మైకుల. మాఫీ గుట్ట మీద, ఎవ్వలు లేని కాడ అడుగుతవా?"

"మైకుల్నే అడుగుత."

"నిజంగ?"

మాలో ఒట్టు పెట్టుకోవడం లేదు. "అవునంటే అవునే. తాగు తల్లీ" అన్నాడు ఆయన.

ఆమె తాగింది. కొద్దికొద్దిగా, మూడు గిన్నెలు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకు వణుకు తగ్గింది. ఇంకొంచెంసేపటికి ఆమె చుట్టూ చూసి, అందరం మోకాళ్ళమీద ఉండటం గమనించి, చీర సర్దుకుంది. సీసా వంక చూసింది.

"రసం ఎవరు కాసిన్రు?"

"మా ఇంటామె" అన్నాడు అంకుల్.

"చక్కెర జర ఎక్కువైంది. గిది గూడ మైకుల చెప్పు."

అప్పుడు మేం నవ్వాం. కొందరు ఏడ్చారు కూడా.

అంద్రియాస్ తాళంచెవితో పాటు ఒక పికప్ బండిని, ఒక గంప ద్రాక్షపళ్ళను కూడా తెచ్చాడు. నేను ఫోన్‌లో విషయం చెప్పాను మరి. అందరూ అక్కడే గోడమీద కూర్చుని ఉపవాసం ముగించారు. రత్నమ్మక్కను కింద పట్టణంలోని క్లినిక్‌కు తీసుకెళ్ళాం. అలాంటి మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది, షుగర్ మళ్ళీ పడిపోవచ్చు అని చెప్పి డాక్టరమ్మ సాయంత్రం వరకు ఉంచింది. పదమూడుమంది ఒక్క రొట్టెముక్క లేకుండా కొండ ఎందుకెక్కారని అడిగింది. చెప్పాను. ఆమె అదంతా రాసుకుంది. మిగతావాళ్ళు ఆ చర్చిలో ఒక పాట పాడి దిగివచ్చారు. బల్ల జరగలేదు. ప్రభుదాసు అంకుల్ చర్చికి వెళ్ళలేదు. క్లినిక్ బయట బెంచీమీద, ఒళ్ళో ఖాళీ సీసా పెట్టుకుని కూర్చున్నాడు.

నాచారం తిరిగొచ్చాక మొదటి ఆదివారం, ప్రకటనల సమయంలో ఆయన మైకు తీసుకున్నాడు. పేరుపెట్టి మాఫీ అడిగాడు. రత్నమ్మక్క రెండో వరసలో తలవంచుకుని విన్నది. ఆరాధన అయ్యాక ఆయనకు ఎదురొచ్చి "వందనాలు అంకుల్" అంది. మరుసటి నెల విందులో బగారన్నం మిగిలిపోయింది.

ప్రతి టూరుకు ఏదైనా జరిగితే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసుకోవడం నా పద్ధతి. ఇందులో తప్పులు నాలుగు రాశాను. శుక్రవారం పొడుగు నడక పెట్టడం, గ్లూకోజ్ నింపుకోకపోవడం, స్వీప్ చోటు వదలడం, నేనే తినకుండా పనిలోకి దిగడం. మొదటి మూడూ దిద్దుకోవడం తేలిక. నాలుగోదాని గురించి చాలారోజులు ప్రార్థన చేశాను. ఉపవాసం ఉన్నారా అని ఫారంలో అడగొచ్చు. కానీ మావాళ్ళు రాయరు, రాయకూడదనే నేర్చుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. నాచారంలో ఉన్న ప్రతి శుక్రవారం నేను ఇప్పటికీ ఉపవాసం ఉంటాను, ఎవరికీ చెప్పను.

టూరులో మాత్రం, ఏ వారమైనా సరే, మధ్యాహ్నం ఆగిన చోట ఎవరినీ పక్కకు పోనివ్వను. అందరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ముందు నా పొట్లం విప్పి, అందరూ చూస్తుండగా తింటాను. తర్వాత హెడ్ కౌంట్ చేస్తాను. ఇప్పుడు తలలు కాదు, నమిలే నోళ్ళు లెక్కపెడతాను. లెక్క సరిపోయాకే లేచి, అందరికన్నా వెనక్కి వెళ్ళి నిలబడతాను.